కరీంనగర్ ఎంపీ సీటులో మూడోసారి గెలుపు ఎవరికీ అచ్చిరాదా? (యాటకూర పందెం, తీర్పు చెప్పండి)

కమలాపూర్ పోరగాడు

మొన్న ఆదివారం హుజూరాబాద్‌లో మా బావతో పందెం పడింది. 2029లో బీజేపీ ఎంపీ బండి సంజయ్ మళ్లీ గెలుస్తాడా అన్న దగ్గర మాట మొదలైంది. బావ చాయ్ గ్లాసు కింద పెట్టి, "కరీంనగర్ ఎంపీగా వరసగా మూడుసార్లు గెలిచినోడే లేడు, ఆ సీటు గుణమే అంత" అన్నాడు. నేను కేసీఆర్ పేరు చెప్పాను. 2004, 2006, 2008, మూడూ అయ్యాయి కదా. "రాజీనామా చేసి మళ్లీ గెలిచినవి లెక్కలోకి రావు, దేశమంతా ఎలక్షన్లు జరిగినప్పుడు గెలిస్తేనే గెలుపు" అంటాడు. ఓడినవాడు యాటకూరతో దావత్ ఇవ్వాలి. తీర్పు మీరే చెప్పండి.

దాంతో పాటు నాకో అసలైన డౌటు ఉంది. 2024లో 2,25,209 ఓట్ల మెజారిటీ వచ్చిన సీటు ఇది. దీన్ని ఇంకా ఎటు పోతుందో తెలియని సీటు అనడం సరైనదేనా? మాది హనుమకొండ జిల్లా, కలెక్టర్ హనుమకొండలో ఉంటాడు, ఎంపీ మాత్రం కరీంనగర్. ఎవరికీ పట్టని మూలన ఉన్నాం కాబట్టి లెక్కలు పెద్దగా తెలియవు.

నోటా నర్సయ్య

దావత్ ఎక్కడో ముందు చెప్పు తమ్మీ, తీర్పు దాన్ని బట్టి ఉంటది.

ఎల్కతుర్తి క్రాస్‌రోడ్

కేసీఆర్‌వి మూడూ లెక్కే. ఉప ఎన్నికైనా ఓటు ఓటే. మీ బావ దావత్ ఎగ్గొట్టడానికి రూల్స్ మారుస్తున్నాడు.

హుస్నాబాద్ గట్టు

లెక్క కాదు. ఐదేళ్ల కాలంలో మూడుసార్లు గెలిస్తే అది మూడు టర్ములా? ఒకే టర్మును మూడు ముక్కలు చేశాడు. బావ పాయింటులో న్యాయం ఉంది.

పాత పేపర్

ఇద్దరూ కేసీఆర్ దగ్గరే కొట్టుకుంటున్నారు గానీ అసలు మూడుసార్ల వీరులు అంతకుముందే ఉన్నారు. ఎం. సత్యనారాయణరావు (ఎమ్మెస్సార్) 1971, 1977, 1980. జువ్వాడి చొక్కారావు 1984, 1989, 1991. ఇవన్నీ సాధారణ ఎన్నికలే. అంటే కేసీఆర్‌ను పక్కన పెట్టినా మీ బావ ఓడిపోయాడు.

కాకపోతే ఎమ్మెస్సార్ మొదటిసారి గెలిచింది తెలంగాణ ప్రజాసమితి తరఫున. 1971లో తెలంగాణలో 14 సీట్లుంటే ప్రజాసమితికి 10 వచ్చాయి, అందులో కరీంనగర్ ఒకటి. ఆ తర్వాత పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ఆయన అటు నుంచి రెండుసార్లు గెలిచాడు. ఒకే పార్టీ మీద మూడుసార్లు కావాలంటే చొక్కారావు ఒక్కడే. 1984 సంగతి మరీ చెప్పుకోవాలి. ఎన్టీఆర్ గాలికి రాష్ట్రం మొత్తం మీద 42లో కాంగ్రెస్‌కు మిగిలినవి 6. అందులో కరీంనగర్ ఉంది.

కమలాపూర్ పోరగాడు

చొక్కారావు అంటే దేవాదుల ఎత్తిపోతలకు పేరు పెట్టిన ఆయనేనా?

పాత పేపర్

ఆయనే.

ఓరుగల్లు వాసి

మూడోసారి అచ్చిరాకపోవడం అంటే మా హన్మకొండ వాళ్లను అడగండి. 1977లో, 1980లో పీవీ నరసింహారావు గెలిచాడు. మూడోసారి 1984లో చందుపట్ల జంగారెడ్డి చేతిలో 54 వేల తేడాతో ఓడిపోయాడు. ఆ ఏడాది బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే సీట్లు, ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మాది. పీవీ అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి కూడా నిలబడ్డాడు కాబట్టి సభకు వెళ్లాడు. లేకపోతే ఆ తర్వాతి చరిత్ర ఎట్లుండేదో.

కమాలుద్దీన్ అహ్మద్ మాత్రం 1989, 1991, 1996 మూడూ కొట్టాడు. అయినా ఏం లాభం, చివరికి మా సీటే లేకుండా పోయింది. 2009 నాటికి హన్మకొండ ఎంపీ నియోజకవర్గం మ్యాపులోంచి ఎగిరిపోయింది.

కమలాపూర్ పోరగాడు

అవునన్నా, మా అమ్మ అదే బడిలో, అదే గదిలో హన్మకొండ ఎంపీకి ఓటేసింది, కరీంనగర్ ఎంపీకీ వేసింది. ఇల్లు మారలేదు, సీటు మారింది.

ఎల్కతుర్తి క్రాస్‌రోడ్

ఇంకో తమాషా. పీవీ సొంతూరు వంగర మా పక్కనే, భీమదేవరపల్లి మండలం. ఇప్పుడది హుస్నాబాద్ అసెంబ్లీ, కరీంనగర్ పార్లమెంటు. అంటే పీవీని ఓడించిన సీటు పోయింది, పీవీ ఊరు వచ్చి కరీంనగర్‌లో పడింది.

నోటా నర్సయ్య

మాయమైన సీట్లు, మారిన ఊర్లు... యాట సంగతి ఎక్కడిదాకా వచ్చింది?

లెక్కల సారు

రిటైరైన లెక్కల మాస్టారిని, కరీంనగర్‌లో ఉంటాను, పాతికేళ్లు పోలింగ్ డ్యూటీలు చేశాను. పందెం సంగతి పాత పేపర్ గారు తేల్చేశారు. మెజారిటీ గురించి పోరగాడు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు 2006, 2008 చూడండి. రెండుసార్లూ కేసీఆరే, రెండుసార్లూ ఎదురు నిలబడింది కాంగ్రెస్ నుంచి జీవన్‌రెడ్డే. 2006 డిసెంబరులో మెజారిటీ రెండు లక్షల పైచిలుకు. 2008 మేలో 15 వేల పైచిలుకు. మధ్యలో ఏడాదిన్నర కూడా గడవలేదు. మనిషి మారలేదు, ఎదుటివాడు మారలేదు, ఊర్లు మారలేదు. రెండు లక్షలు కాస్తా 15 వేలైంది. అందుకే కరీంనగర్‌లో మెజారిటీని చూసి సీటు గట్టిదని నేను ఎప్పుడూ అనను. ఎండాకాలం మానేరులో నీళ్లు చూసి వరద అంచనా వేసినట్లుంటుంది.

ఇప్పుడు 2019, 2024. 2019లో సంజయ్‌కు 4,98,276, టీఆర్‌ఎస్ వినోద్ కుమార్‌కు 4,08,768, కాంగ్రెస్ పొన్నం ప్రభాకర్‌కు 1,79,258. తేడా 89,508. 2024లో సంజయ్‌కు 5,85,116, కాంగ్రెస్ వెలిచాల రాజేందర్‌రావుకు 3,59,907, బీఆర్‌ఎస్ (పేరు మారిన టీఆర్‌ఎస్) నుంచి వినోద్ కుమార్‌కు 2,82,163. మెజారిటీ రెండున్నర రెట్లయింది కాబట్టి బలం కూడా రెండున్నర రెట్లయిందని జనం అనుకుంటున్నారు. పడ్డ ఓట్లలో వాటా చూడండి. 2019లో నూటికి 43, 2024లో 45 కూడా దాటలేదు. పెరిగింది ఒకటో రెండో పాళ్లు.

మరి మెజారిటీ ఎందుకు అంత ఉబ్బింది? అవతల ఓటు రెండుగా చీలింది కాబట్టి. 2019లో టీఆర్‌ఎస్, కాంగ్రెస్ కలిపితే 5.88 లక్షలు, సంజయ్ కంటే ఎక్కువ. 2024లో రెండూ కలిపితే 6.42 లక్షలు, అప్పుడూ ఎక్కువే. మొదటిసారి చీలిక ఒకవైపు మొగ్గింది కాబట్టి రెండో స్థానం దగ్గరగా వచ్చింది. రెండోసారి చీలిక కొంచెం సమంగా జరిగింది, రెండో స్థానం దూరమైంది. గెలిచినవాడి బలం కన్నా ఓడినవాళ్ల పంపకమే మెజారిటీని తేలుస్తుంది ఇక్కడ.

హుస్నాబాద్ గట్టు

సార్ చెప్పిందే నా మాట కూడా. 2029లో మూడో పార్టీ కరిగిపోతే బీజేపీకి కష్టమే. 2004లో జరిగింది అదే కదా. చెన్నమనేని విద్యాసాగర్‌రావు 1998లో, 1999లో రెండుసార్లు గెలిచి, మూడోసారి కాంగ్రెస్, టీఆర్‌ఎస్ కలవగానే లక్షకు పైగా తేడాతో ఓడిపోయాడు.

మానకొండూర్ కాషాయం

పాత ముచ్చట్లతో తృప్తి పడండి. 2024లో రాజేందర్‌రావుకు టికెట్ నామినేషన్ల చివరి రోజుల దాకా తేలలేదు. ఇల్లు సర్దుకోని పార్టీకి కారు గుర్తు 2.82 లక్షల ఓట్లు వచ్చి పడతాయా? ఆ ఓట్లలో సగం మాకే వస్తాయి. ఒక పార్టీ బలహీనపడితే దాని ఓటు మొత్తం రెండో పార్టీకే పోవాలని రూల్ ఉందా సార్? 2019లో 4.08 లక్షలున్న కారు ఓటు 2024కు 2.82 అయింది. పోయినవాళ్లందరూ చేతికే పోయారా?

లెక్కల సారు

మంచి ప్రశ్న. అందరూ పోలేదు. కాంగ్రెస్‌కు 1.80 లక్షలు పెరిగాయి, మీకు 87 వేలు పెరిగాయి, కారుకు 1.27 లక్షలు తగ్గాయి. కొత్త ఓటర్లు కూడా ఉన్నారు కాబట్టి ఎవరు ఎటు పోయారో ఇంతకంటే చెప్పలేను. కూడికతోనే ఫలితం వస్తుందని నేననలేదు. మెజారిటీని చూసి మురిసిపోవద్దని మాత్రమే అన్నాను.

ఓరుగల్లు వాసి

మురిసిపోవడం గురించి మా వరంగల్ లెక్క కూడా వినండి. 2015 ఉప ఎన్నికలో పసునూరి దయాకర్ టీఆర్‌ఎస్ నుంచి 4.59 లక్షల మెజారిటీతో గెలిచాడు. తొమ్మిదేళ్లకు 2024లో అదే పార్టీ అదే సీటులో మూడో స్థానం. కడియం కావ్యకు మొదట టికెట్ ఇచ్చింది కూడా ఆ పార్టీయే. ఆమె వదులుకుని కాంగ్రెస్ నుంచి నిలబడి 2.20 లక్షలతో గెలిచింది. రెండో స్థానంలో బీజేపీ నుంచి నిలబడ్డ ఆరూరి రమేశ్ కూడా నిన్నటిదాకా కారులో ఉన్నాయనే. అభ్యర్థులంతా ఒకే ఇంటి నుంచి బయల్దేరి మూడు వాకిళ్లలో కూర్చున్నారు.

నోటా నర్సయ్య

అందుకే నేను ఎవరి ఇంటికీ పోను.

సిరిసిల్ల చీర

ఓట్ల లెక్కలు బాగానే ఉన్నాయి గానీ ఓటు వేసేటోళ్ల సంగతి ఎవరూ రాయలేదు. మాకు ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు). ఆసామి పని, నూలు వేరేవాళ్లది, నేసి ఇస్తే కూలి మాది. బతుకమ్మ చీరల ఆర్డర్ 2017లో మొదలైనప్పటి నుంచి ఏడాదిలో కొన్ని నెలలు రాత్రిపూట కూడా సాంచాలు నడిచేవి. ఆ చప్పుడులోనే మా పిల్లలు నిద్రపోయేవాళ్లు, చప్పుడు ఆగితే లేచి కూర్చునేవాళ్లు. 2024 వచ్చేసరికి ఆర్డర్ ఆగింది. ఎండాకాలం మధ్యాహ్నం మా గల్లీలో సైకిల్ చైన్ చప్పుడు కూడా వినబడింది. పెళ్లై పందొమ్మిదేళ్లు, ఆ గల్లీలో అట్లాంటి మధ్యాహ్నం నేను చూడలేదు.

మా ఇంట్లో నాలుగు ఓట్లు. అసెంబ్లీకి నాలుగూ ఒకటే గుర్తుకు పడ్డాయి. ఆరు నెలలకు పార్లమెంటు వచ్చేసరికి నాలుగు ఓట్లు మూడు గుర్తులకు పోయాయి. మా ఆయన మోదీ అన్నాడు, మా అత్తమ్మ పాత గుర్తే అన్నది, మరిది రాష్ట్రంలో ఉన్న పార్టీకే వేస్తే పని దొరుకుతదన్నాడు. నాది నేను చెప్పను. లెక్కల సారు చెప్పిన చీలిక మా వంటింట్లోనే జరిగింది.

కమలాపూర్ పోరగాడు

అక్కా, మీ ఇంటి నాలుగు ఓట్లు చూస్తే సర్వే చేయాల్సిన పనే లేదు.

దుబాయ్‌లో వేములవాడ

నా ఓటు ఊర్లో ఉంది, నేను ఇక్కడ ఉన్నా. పన్నెండేళ్లలో ఒక్కసారే వేశాను, అదీ కోడె మొక్కు తీర్చడానికి ఇంటికి వచ్చినప్పుడు తారీఖు కలిసి వచ్చింది. మా ఊరి నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లమంతా ఒక రోజు వచ్చి ఓటేస్తే ఏ సర్వే నిలబడదు. ఎలక్షన్ రోజు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "నీ పేరు లిస్టులో ఉంది బిడ్డా, నువ్వే లేవు" అంటది.

ఎల్కతుర్తి క్రాస్‌రోడ్

ఎమ్మెల్యేకు ఒకరు, ఎంపీకి ఒకరు అనేది సిరిసిల్ల అక్క ఇంట్లోనే కాదు, మొత్తం సీటు కథ. 2018 డిసెంబరులో ఈ ఎంపీ సీటు కింద ఉన్న ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లూ టీఆర్‌ఎస్ గెలిచింది. ఏడుకు ఏడు. అదే ఎన్నికల్లో కరీంనగర్ అసెంబ్లీలో సంజయ్ గంగుల కమలాకర్ చేతిలో ఓడిపోయాడు. నాలుగు నెలలకు ఓటింగ్, ఎంపీగా గెలిచాడు. 2023లో మళ్లీ గంగుల చేతిలోనే 3,163 ఓట్లతో ఓడాడు. అప్పుడు ఏడింట్లో కాంగ్రెస్‌కు నాలుగు (చొప్పదండి, వేములవాడ, మానకొండూర్, హుస్నాబాద్), బీఆర్‌ఎస్‌కు మూడు (కరీంనగర్, సిరిసిల్ల, హుజూరాబాద్), బీజేపీకి గుండు సున్నా. ఆరు నెలలకు 2.25 లక్షలు. రెండుసార్లూ ఒక్క ఎమ్మెల్యే లేకుండా ఎంపీ అయ్యాడు.

పసుపు కొమ్ము

మా నిజామాబాద్ కూడా కలపండి. 2019లో 185 మంది పోటీ, అందులో 170 మందికి పైగా పసుపు బోర్డు అడుగుతూ నిలబడ్డ రైతులు. మా పెదనాన్న కూడా నామినేషన్ వేశాడు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారు. ముసలోళ్లు తమ గుర్తు వెతుక్కుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచారు. పెదనాన్న తన గుర్తే తనకు దొరకలేదంటాడు. అప్పటి టీఆర్‌ఎస్ ఎంపీ కవిత 70 వేల తేడాతో ఓడింది. పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది.

నోటా నర్సయ్య

185 మందికి యాటకూర పెట్టాలంటే ఎన్ని యాటలు?

పాత పేపర్

185 ఎక్కువేం కాదు. 1996లో నల్గొండలో 480 మంది నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని. బ్యాలెట్ పేపరు కాదు, పుస్తకమే అచ్చేశారు.

చర్చ కరీంనగర్‌కు తెస్తాను. 1952లో ఇది ఇద్దరు ఎంపీల సీటు. పీడీఎఫ్ (కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) నుంచి బద్దం ఎల్లారెడ్డి, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. అంటే మొదటి ఎన్నికల్లోనే కాంగ్రెస్‌కు చేదు తగిలింది. 1971లో ప్రజాసమితి, 1996లో తెలుగుదేశం ఎల్. రమణ, 1998లో బీజేపీ, 2004లో టీఆర్‌ఎస్, 2009లో కాంగ్రెస్, 2014లో టీఆర్‌ఎస్, 2019లో బీజేపీ. ఇన్ని రంగులు మార్చిన సీటు ఉత్తర తెలంగాణలో ఇంకోటి చూపించండి.

మానకొండూర్ కాషాయం

రంగులు మారాయి గానీ ఇంకో సంగతి ఎవరూ ముట్టుకోవడం లేదు. చాలా ఏళ్లు ఈ సీటు వెలమ దొరల మధ్యే తిరిగింది. చొక్కారావు, ఎమ్మెస్సార్, విద్యాసాగర్‌రావు, కేసీఆర్, వినోద్ కుమార్. రమణ, పొన్నం, సంజయ్ బీసీలు. ఊర్లో దీని గురించి మాట్లాడకుండా ఒక్క రచ్చబండ కూడా లేవదు.

హుస్నాబాద్ గట్టు

మాట్లాడతారు, నిజమే. కానీ అదొక్కటే అయితే 2014లో బీసీ పొన్నం రెండు లక్షల తేడాతో ఎందుకు ఓడతాడు? రాష్ట్రం వచ్చిన ఏడాది, గాలి అటుంది. కులం ఉన్న చోట గాలి కూడా ఉంటది.

అడ్మిన్

కింద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. కులం లెక్క చెప్పుకోండి, కులాన్ని తిట్టుకోకండి.

నోటా నర్సయ్య

మూడూ నావి కావు.

కమలాపూర్ పోరగాడు

గాలి గురించి మా హుజూరాబాద్ వాళ్లను మించి ఎవరికి తెలుసు? 2018లో మా దగ్గర బీజేపీకి వచ్చినవి 1,683 ఓట్లు. నోటాకు అంతకన్నా ఎక్కువ.

నోటా నర్సయ్య

అప్పుడు నేనే నిలబడ్డా, గుర్తుందా.

కమలాపూర్ పోరగాడు

గుర్తుంది కాకా. 2021లో ఈటల రాజేందర్ కారు దిగి కమలం మీద నిలబడితే అదే గుర్తుకు లక్షా ఏడు వేలు. 23,855 మెజారిటీ. 2018లో అరవై వేల పైన తెచ్చుకున్న కాంగ్రెస్‌కు మూడు వేలు. రెండేళ్లకు 2023లో ఈటల ఓడిపోయి కారు మళ్లీ గెలిచింది.

2021 అక్టోబరు ఎట్లుండేదంటే, మా ఊరి బస్టాండు దగ్గర మధ్యాహ్నం పూట కూర్చోవడానికి చోటు దొరికేది కాదు, అన్నీ బయటి నంబర్ల కార్లే. చాయ్ అమ్మే ముసలామె ఆ నెలలో రెండు పాల క్యాన్ల నుంచి ఐదు క్యాన్లకు పోయింది. కవర్లు అందలేదని కొన్ని ఊర్లలో రోడ్డు మీద కూర్చున్నారు, డబ్బు పంచడం తప్పని ఎవరూ అనలేదు, మాకు ఎందుకు రాలేదనేదే గొడవ. మా వాడకట్టులో ఒక ఇంటికి రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఎవరివని మాత్రం అడగకండి. ఆ ఇంటాయన పోలింగ్ రోజు పొద్దున అందరికన్నా ముందు లైన్లో నిల్చుని, బయటికి వచ్చి "ఇద్దరికీ నమ్మకద్రోహం చేయలేదు" అన్నాడు. ఎట్లా చేశాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎల్కతుర్తి క్రాస్‌రోడ్

నోటాకు వేసి ఉంటాడు.

నోటా నర్సయ్య

నా ఓటరును నేను పేరు చెప్పి బయట పెట్టను.

లెక్కల సారు

2006 డిసెంబరు డ్యూటీ గుర్తొచ్చింది. అప్పుడు గాలి అంటే ఏంటో కళ్లతో చూశాను. ఆ ఉప ఎన్నిక ఎందుకొచ్చిందో తెలుసు కదా, మంత్రిగా ఉన్న ఎమ్మెస్సార్ కేసీఆర్‌కు సవాలు విసిరాడు, రాజీనామా చేసి గెలువమని. కేసీఆర్ సెప్టెంబరులో చేసేశాడు. పాత ఎంపీ కొత్త ఎంపీని ఎన్నికలోకి దింపాడన్నమాట. ఫలితం వచ్చాక ఎమ్మెస్సార్ మంత్రి పదవి పోయింది.

నాది వేములవాడ వైపు ఒక పల్లె బూత్. చలి, పొద్దున ఆరున్నరకే తువ్వాలలు చుట్టుకుని జనం వచ్చేశారు. ఒక పెద్దమ్మ లోపలికి వచ్చి మిషను ముందు నిలబడి, బటన్ నొక్కకుండా దండం పెట్టింది. నేను బయటి నుంచే "అమ్మా, నొక్కాలి" అన్నాను. "తెలుసు సారూ, మొక్కి నొక్కుతున్న" అన్నది. ఏ గుర్తో నాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం నింపుతుంటే పోలింగ్ ఏజెంట్లలో ఇద్దరి మొహాలు చూస్తే ఫలితం తెలిసిపోయింది. 2008 మేలో మళ్లీ అదే మండలంలో డ్యూటీ పడింది. ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం రెండు గంటల సేపు ఒక్కరూ రాలేదు. అప్పుడే అనుకున్నాను, ఈసారి కేసీఆర్‌కు చెమట పడుతుందని. పట్టింది.

సిరిసిల్ల చీర

మొక్కి నొక్కే ఓటు ఇప్పుడు ఏ పార్టీకీ లేదు సార్. అలవాటుగా నొక్కేదీ, కోపంతో నొక్కేదీ ఉన్నాయి.

మానకొండూర్ కాషాయం

ఉంది అక్కా, మాకుంది. 2025 ఎమ్మెల్సీ ఎన్నికలు చూడలేదా? కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ పట్టభద్రుల సీటు, టీచర్ల సీటు, రెండూ మావే. అంజిరెడ్డి, మల్క కొమరయ్య.

హుస్నాబాద్ గట్టు

పట్టభద్రుల్లో వేల ఓట్లు చెల్లలేదు, అది కూడా చెప్పు. డిగ్రీలు చేసినోళ్లకు ఒకటి అంకె వేయడం రాలేదు.

లెక్కల సారు

నా శిష్యులు ఎవరైనా ఉంటే ఆ మాట ఇక్కడ ఒప్పుకోవద్దు.

ఎల్కతుర్తి క్రాస్‌రోడ్

జనాన్ని చూసి కూడా లెక్క వేయలేం. 2025 ఏప్రిల్ 27న బీఆర్‌ఎస్ రజతోత్సవ సభ మా ఎల్కతుర్తిలోనే పెట్టారు. మా ఇంటికి రెండు కిలోమీటర్లు, బండి మీద చేరడానికి రెండు గంటలు పట్టింది. అంత జనం. ఆ జనం ఎన్ని జిల్లాల నుంచి వచ్చారో బస్సుల మీద డిపో పేర్లు చదివితే తెలిసింది. అందులో కరీంనగర్ ఎంపీ ఓటర్లు ఎందరో ఎవరు చెప్తారు?

హుస్నాబాద్ గట్టు

ఎవరు గెలిచినా అడగాల్సింది ఒకటుంది. కొత్తపల్లి, మనోహరాబాద్ రైలు. 2016 ఆగస్టులో మోదీ శంకుస్థాపన చేశాడు. 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. ఇంక సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లి దాకా రావాలి. ఈ లైను కోసం వినోద్ ఉన్నప్పుడు ఆయన తిరిగాడు, ఇప్పుడు సంజయ్ తిరుగుతున్నాడు. మా హుస్నాబాద్‌కు ఎట్లాగూ రైలు లేదు, పక్కోళ్ల రైలన్నా చూద్దామని.

కమలాపూర్ పోరగాడు

మా హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ నుంచి హసన్‌పర్తి లైనుకు సర్వే అంటూ చిన్నప్పటి నుంచి వింటున్నా. ఎర్ర జెండా కర్రలు పాతినోళ్లను చూశా, రైలును చూడలేదు.

పాత పేపర్

రైలు కన్నా ముందు హద్దులు వస్తాయేమో. జనగణన 2027లో ఉంది. దాని తర్వాత పునర్విభజన, దానితో ముడిపడి మహిళా రిజర్వేషన్ చట్టం ఉంది, 2023లో చేసినది. ఎప్పుడు అమలైనా ఈ ఏడు సెగ్మెంట్లు ఇట్లాగే ఉండవు. ఇప్పుడే ఒక ఎంపీ సీటు కరీంనగర్, సిరిసిల్ల, సిద్దిపేట, హనుమకొండ, జగిత్యాల, ఐదు జిల్లాల్లో పరుచుకుని ఉంది. కొండగట్టు అంజన్న జగిత్యాల జిల్లా, ఎంపీ కరీంనగర్.

ఇంకొక యాదృచ్ఛికం. విద్యాసాగర్‌రావు వాజ్‌పేయి ప్రభుత్వంలో హోంశాఖ సహాయ మంత్రి. రెండుసార్లు గెలిచి మంత్రయ్యి మూడోసారి ఓడిపోయాడు. సంజయ్ రెండోసారి గెలిచాక మోదీ ప్రభుత్వంలో అదే హోంశాఖ సహాయ మంత్రి. మూడోసారి సంగతి మీ బావకు వదిలేస్తున్నా.

మానకొండూర్ కాషాయం

2004లో కాంగ్రెస్, టీఆర్‌ఎస్ కలిశాయి కాబట్టి ఓడిపోయాడు, కుర్చీ వల్ల కాదు. ఇప్పుడా రెండూ కలుస్తాయా? చేయి, కారు ఒకే స్టేజీ మీద కూర్చున్న రోజు నాకు ఫోన్ చేయండి.

లెక్కల సారు

నాయకులు కలవనక్కర్లేదు. ఓటర్లు కలిస్తే చాలు. 2014లో అదే జరిగింది, పొత్తు లేకుండానే జనం ఒకవైపు పోగయ్యారు. ఆ ఏడాది విద్యాసాగర్‌రావే బీజేపీ అభ్యర్థి, మూడో స్థానంలో ఆగిపోయాడు. ఆగస్టులో మహారాష్ట్ర గవర్నరయ్యాడు, అది వేరే సంగతి. నా అంచనా అడిగితే, ఇప్పటి హద్దులతోనే, ముగ్గురూ గట్టిగా నిలబడితే సంజయ్‌కు మొగ్గు. ఇద్దరి మధ్య పోటీ అయితే ఇరవై వేల అటూ ఇటూ. ఇంతకంటే చెప్పేవాడు దావత్‌కు కక్కుర్తి పడేవాడే.

కమలాపూర్ పోరగాడు

థ్రెడ్ మొత్తం బావకు చదివి వినిపించాను. చొక్కారావు, ఎమ్మెస్సార్ పేర్లు వినగానే "నేను పుట్టకముందు జరిగినవి పందెంలో లేవు" అన్నాడు. బావ పుట్టింది 1986లో. చొక్కారావు 1989, 1991 ఆయన పుట్టాకే కదా అంటే, "1984 ముందుది కాబట్టి రెండే" అంటాడు.

పాత పేపర్

పుట్టిన తేదీని బట్టి ఎన్నికల చరిత్ర రాసే మనిషిని మొదటిసారి చూస్తున్నా.

సిరిసిల్ల చీర

అక్కతో చెప్పు తమ్ముడూ. బావ దగ్గర కాదు, మీ అక్క దగ్గర పెట్టు పంచాయితీ.

కమలాపూర్ పోరగాడు

పెట్టాను అక్కా. అక్క ఒక్క మాటన్నది: "ఎవరు గెలిచినా వండేది నేనే కదా, ఇద్దరూ కలిసి యాట తెండి." సగం సగం పైసలు పడ్డాయి. వచ్చే ఆదివారం, హుజూరాబాద్‌లో.

నోటా నర్సయ్య

హుజూరాబాద్‌లో ఎక్కడ? సెగ్మెంట్ చెప్తే సరిపోదు, గల్లీ చెప్పు.